అమెరికా చిన్న రైలు మార్గాలకు పెట్టుబడి కరవు

అమెరికాలో సరుకు రవాణా చేసే ‘షార్ట్ లైన్’ రైల్వేలు దాదాపు 600 ఉన్నాయి. దేశంలోని సరుకు రైలు మార్గంలో నాలుగో వంతుకు పైగా వీటి చేతుల్లోనే ఉంది. పల్లెలోని ధాన్యం గోదాము, కలప మిల్లు, ఎరువుల డిపోల నుంచి వ్యాగన్లను తెచ్చి పెద్ద రైల్వేలకు అప్పగించడం, అటు నుంచి వచ్చినవాటిని చేరవేయడం వీటి పని.

వీటిలో చాలావరకు ఒకప్పుడు పెద్ద కంపెనీల బ్రాంచి లైన్లే. రాబడి తక్కువున్న లైన్లను వదిలించుకోవడం 1980 నాటి స్టాగర్స్ చట్టంతో సులువైంది. మూతపడాల్సిన ఎన్నో లైన్లను స్థానిక వ్యాపారులు, కొన్నిచోట్ల రాష్ట్ర ప్రభుత్వాలు కొని నిలబెట్టాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో గోధుమ పండే పలూస్ ప్రాంతపు 297 మైళ్ల లైన్లు అలాగే ప్రభుత్వపరమయ్యాయి. కొన్నవారికి లైనుతో పాటు ఏళ్ల తరబడి వాయిదా పడిన మరమ్మతులూ సంక్రమించాయి.

అసలు చిక్కు బరువుతో వచ్చింది. నిండు వ్యాగను బరువు పరిమితి 2,63,000 పౌండ్ల నుంచి 2,86,000 పౌండ్లకు, అంటే దాదాపు 130 టన్నులకు పెరిగింది. పెద్ద రైల్వేలు అందుకు తగ్గట్టు పట్టాలు మార్చుకున్నాయి. చిన్న లైన్లలో మీటరుకు 45 కిలోలు, అంతకన్నా తేలికైన పాత పట్టాలు ఇంకా కనిపిస్తాయి. మన దేశంలో ప్రధాన మార్గాల్లో వేస్తున్నవి 60 కిలోల పట్టాలు. బరువు మోయలేని లైను మీద వ్యాగన్లను వెలితిగా నింపాలి. ఆ నష్టం చివరికి రైతు మీదే పడుతుంది.

పట్టా కన్నా ముందు దెబ్బతినేది కర్ర స్లీపరు. అది కుళ్లితే అందులో దిగగొట్టిన మేకు పట్టు వదిలేస్తుంది. బరువుకు రెండు పట్టాలూ ఎడమై చక్రం పట్టా తప్పుతుంది. 39 అడుగుల పట్టా కింద మామూలుగా రెండు డజన్ల స్లీపర్లుంటాయి. తిన్నని దారిలో వాటిలో 5 గట్టివి ఉంటే గంటకు 10 మైళ్ల వేగానికి, 8 ఉంటే 25 మైళ్లకు నిబంధనలు ఒప్పుకుంటాయి. అందుకే డబ్బు చాలని చోట ముందు తగ్గేది వేగం.

బరువైన వ్యాగన్లకు తగినట్టు ఈ లైన్లను బాగుచేయడానికి సుమారు 690 కోట్ల డాలర్లు కావాలని 2000లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. వారానికి కొద్దిపాటి వ్యాగన్లు నడిచే లైనుకు కూడా స్లీపరు ధర, కంకర ధర పెద్ద రైల్వేకి పడినట్టే పడతాయి. రవాణా కిరాయిలతోనే అంత సొమ్ము కూడబెట్టమనడం న్యాయం కాదు. ఈ లైను మూతపడితే ఒక్కో వ్యాగను సరుకు మూడు నాలుగు లారీలెక్కి, ప్రజాధనంతో వేసిన రోడ్లనే అరగదీస్తుంది.

ప్రభుత్వ సాయం రెండు దారుల్లో అందుతోంది. 2005లో మొదలైన పన్ను రాయితీ కింద, మరమ్మతుకు పెట్టే ప్రతి డాలరులో 50 సెంట్లు పన్నులో తగ్గేవి. మైలుకు 3,500 డాలర్ల పరిమితి ఉండేది. 2020 చివర్లో దీన్ని శాశ్వతం చేస్తూ, 2023 నుంచి రాయితీని 40 సెంట్లకు తగ్గించారు. ఏటా కొన్ని స్లీపర్లు మార్చుకునేవారికి ఇది బాగా ఉపయోగపడుతుంది. వంతెనకు మాత్రం చాలదు: 30 మైళ్ల లైనుకు ఆ పరిమితి ప్రకారం ఏడాదికి వచ్చేది గరిష్ఠంగా 1,05,000 డాలర్లే. పాత కర్ర వంతెనల్లాంటి పెద్ద పనులకు ఫెడరల్ గ్రాంట్లే దిక్కు. 2021 మౌలిక వసతుల చట్టం వీటికి ఐదేళ్లలో 500 కోట్ల డాలర్లు కేటాయించింది. అయితే ఖర్చులో కనీసం ఐదో వంతు ఫెడరల్ నిధులు కాకుండా వేరే చోటు నుంచి సమకూర్చుకోవాలి. మిగతా రైల్వేలతో, రాష్ట్రాలతో పోటీపడాలి.