కుబుసము – వార్ధక్యధర్మము

కృష్ణాతీరమునందలి మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి, చుట్టలు చుట్టిన సర్పముపై లింగరూపమున పూజలందుకొనుచున్నాడు. కార్తిక శుద్ధ చవితినాడు జనులు పుట్టలో పాలు పోయుదురు. మరునాడు పొలమున పాము కనబడినచో కఱ్ఱ నెత్తుదురు. 2018 ఆగస్టులో దివిసీమయందు పాముకాట్లు పెచ్చుపెరుగగా ఈ యాలయముననే సర్పశాంతి యాగము జరిగినది. జనమేజయుని యాగము సర్పసంహారమునకు, ఇది శాంతికి. భయపెట్టు ప్రాణిని చంపక శాంతింపజేయ గోరుటయే భూతదయ యని మా యభిప్రాయము.

కుబుసము విడిచిన పాము మరల పడుచుదనము పొందునని లోకప్రతీతి. అది సరికాదు. పాతచర్మము పోవును గాని గడచిన వయస్సు పోదు. కుబుసము విడుచుటకు ముందు కంటిపైనున్న పొర మసకబారును. చూపు సరిగా ఆనని ఆ దినములలో పాము త్వరగా బుసకొట్టును. అది పగ కాదు, భయము.

ముదిమియందు చూపును వినికిడియు తగ్గిన పెద్దల చిరాకును గూడ ఇట్లే గ్రహింపవలెను. ఎదురుగా వచ్చి మెల్లగా పలుకరించుట పిన్నల ధర్మము. తన కోపమునకు మూలము భయమే కావచ్చునని యెరుగుట వృద్ధుల ధర్మము. పుట్టకడ చూపిన దయను ఇంటి యరుగుపై కూర్చున్న పెద్దలకు చూపనిచో, ఎన్ని పాలు పోసినను అది భూతదయ యనిపించుకొనదు.