పడవ కంటే ముందు డబ్బు కదిలితే

అమెరికాలో ఇంటర్నెట్ నేరాల మీద ఫిర్యాదులు తీసుకునే ఎఫ్‌బీఐ విభాగాన్ని ఐసీ3 అంటారు. 2024లో దానికి అందిన ఫిర్యాదుల్లో 49,572 ఒకే కోవకు చెందినవి: డబ్బు కట్టాం, సరుకు రాలేదు, లేదా సరుకు ఇచ్చాం, డబ్బు రాలేదు. వీటిలో జనం పోగొట్టుకున్నది దాదాపు 78.5 కోట్ల డాలర్లు. భాగించి చూస్తే ఒక్కో ఫిర్యాదుకు 15,800 డాలర్ల పైమాటే. అంతకు ముందు ఏడాది ఇలాంటి ఫిర్యాదులు 50,523 వచ్చాయి, పోయిన సొమ్ము 31 కోట్ల డాలర్లలోపు, అంటే సగటున 6,100. ఏడాది తిరిగేసరికి ఫిర్యాదులు కొద్దిగా తగ్గాయి, సగటు నష్టం మాత్రం రెండున్నర రెట్లు దాటింది.

ఈ లెక్కలోకి ఫోన్లు, కుక్కపిల్లలు, కార్లు అన్నీ వస్తాయి. కానీ 15,800 డాలర్లంటే కాస్త మంచి స్థితిలో ఉన్న పాత చేపల పడవ ధర. ఆన్‌లైన్‌లో పాత పడవ కొనాలనుకునేవారు తమ జేబును ఎదురుగా పెట్టుకుని చదవాల్సిన అంకె అది.

అమెరికాలో రిజిస్ట్రేషన్ ఉన్న పడవలు కోటి 10 లక్షలకు పైనే. డాలస్ చుట్టుపక్కల లూయిస్‌విల్, రే హబ్బర్డ్ లాంటి జలాశయాలకు దగ్గర్లో ఉండే తెలుగు కుటుంబాల్లో కూడా వేసవి రాగానే నలుగురు కలిసి వాటాలు వేసుకుని పడవ కొందామన్న మాట వస్తుంది. మొదటిసారి కొనేవారికి కారు కొన్న అనుభవం ఉంటుంది గానీ అది ఇక్కడ సగమే పనికొస్తుంది. కారుకు ఒక నంబరు, ఒక టైటిల్ పత్రం. పడవకు అలా కాదు. పడవది ఒక నంబరు, ఇంజిన్‌ది మరొకటి, దాన్ని లాగే ట్రైలర్‌ది ఇంకొకటి. టెక్సాస్‌లోనైతే వెనక తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజిన్‌కు విడిగా టైటిల్ ఉంటుంది. కొన్ని రాష్ట్రాలు పడవకు టైటిల్ ఇస్తాయి, కొన్ని రిజిస్ట్రేషన్‌తో సరిపెడతాయి. పెద్ద పడవల పత్రాలు నేరుగా కేంద్ర ప్రభుత్వపు కోస్ట్ గార్డ్ దగ్గర ఉంటాయి. పత్రాలు ఇన్ని చోట్ల చెదిరి ఉండటమే మోసగాడికి చోటిస్తోంది. అయితే ఆ నంబర్లన్నీ ఒకదానితో ఒకటి పొసిగేలా అబద్ధం అల్లడం చాలా కష్టం. కొనేవారి బలమంతా అక్కడే ఉంది.

ముందుగా ధర. 30,000 డాలర్లు పలికే 22 అడుగుల పాంటూన్ పడవను 14,000కే ఇస్తామని ప్రకటన కనబడిందనుకుందాం. అనుమానించాల్సిందే, కాదనను. కానీ ధర ఒక్కటే చూసి మోసమని తేల్చేయడం సరికాదని నా అభిప్రాయం. ఇంజిన్ చచ్చిపోయిన పడవను నిజాయతీగానే సగం ధరకు అమ్ముతారు. 150 హార్స్‌పవర్ కొత్త ఇంజిన్ బిగించాలంటే 15,000 డాలర్లు దాటుతుంది మరి. అసలు ప్రమాదం, ధర తక్కువైనప్పుడు ఎందుకు తక్కువో చెప్పే కారణం పడవకు సంబంధించినది కాకుండా, అమ్మేవారి జీవితానికి సంబంధించినది కావడంలో ఉంది. సైన్యంలో ఉన్నాను, విదేశానికి పంపుతున్నారు. భర్త చనిపోయాడు, దీన్ని చూస్తే బాధగా ఉంది. విడాకులయ్యాయి, త్వరగా వదిలించుకోవాలి. పాత వాహనాల ఆన్‌లైన్ మోసాల మీద ఎఫ్‌బీఐ 2011లోనే ఇలాంటి కథల గురించి హెచ్చరించింది. 2008 నుంచి 2010 వరకు మూడేళ్లలో దాదాపు 14,000 ఫిర్యాదులు అందాయని, పోయిన సొమ్ము సుమారు 4.45 కోట్ల డాలర్లని అప్పుడు చెప్పింది. కథలు ఇప్పటికీ మారలేదు. హైదరాబాద్‌లో ఓఎల్ఎక్స్‌లో బండి కొనబోయినవారికి ఎదురైన ‘ఆర్మీ జవాను’ కూడా ఈ కథల్లోని మనిషే: యూనిఫాం ఫొటో, గుర్తింపు కార్డు, బదిలీ అయింది కాబట్టి తొందర.

ఇక పడవ మీది నంబరు దగ్గరకు వద్దాం. కాస్త ఓపికగా చూడాల్సింది దీన్నే. 1972 నవంబరు నుంచి అమెరికాలో తయారయ్యే, దిగుమతయ్యే పడవలకు 12 అక్షరాల గుర్తింపు సంఖ్య తప్పనిసరి. దీన్ని హెచ్ఐఎన్ అంటారు. పడవ వెనుక భాగంలో, కుడిచేతి వైపు, పై అంచుకు రెండు అంగుళాల లోపు ఉంటుంది. అక్షరాల ఎత్తు కనీసం పావు అంగుళం. 1984 ఆగస్టు నుంచి వచ్చిన పడవల్లో ఇదే నంబరు రెండోచోట కూడా ఉంటుంది, బయటికి కనబడకుండా, లోపల ఎక్కడో ఒక బిగింపు కిందో మూలనో.

1984 తర్వాతి పద్ధతిలో ఈ 12 అక్షరాలను ఎవరైనా చదువుకోవచ్చు. మొదటి మూడూ తయారీదారు సంకేతం. తర్వాతి ఐదూ ఆ పడవ వరుస సంఖ్య. ఇందులో అంకెలుగా పొరబడే అవకాశమున్న ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడకూడదు. తొమ్మిదోది నెల: ఏ అంటే జనవరి, బీ అంటే ఫిబ్రవరి, అలా ఎల్ వరకు. పదోది తయారైన ఏడాదిలో చివరి అంకె. చివరి రెండూ మోడల్ సంవత్సరం. ఉదాహరణకు నంబరు ‘హెచ్ 314’తో ముగిసిందనుకోండి. హెచ్ ఎనిమిదో అక్షరం కాబట్టి ఆగస్టు; 3 అంటే 2013; 14 అంటే 2014 మోడల్. ప్రకటనలో అదే పడవను 2019 మోడల్ అన్నారంటే ఇంక మాట్లాడాల్సింది ఏమీ లేదు. నంబరు ‘హెచ్ 319’ అని ఉంటే మరీ అనుమానం: 2013 ఆగస్టులో తయారైన పడవ 2019 మోడల్ కాలేదు. వరుస సంఖ్యలో ఓ అక్షరం కనిపిస్తే అది సున్నాను తప్పుగా చదవడం కావచ్చు, నకిలీ కావచ్చు. ఫొటో మళ్లీ అడగాలి.

ఆ ఫొటో అడిగే తీరు కూడా ముఖ్యమే. నంబరు టైపు చేసి పంపితే చాలదు. ఆ నంబరు పక్కన మీరు చెప్పిన మాట ఏదైనా కాగితం మీద రాసి పెట్టి, కలిపి తీసిన ఫొటో కావాలని అడగండి. వీడియో కాల్‌లో పడవ చుట్టూ తిరిగి, వెనుక నంబరు, ఇంజిన్ నంబరు, ట్రైలర్ మీది 17 అక్షరాల వాహన గుర్తింపు సంఖ్య (విన్), మూడూ చూపమనండి. పడవ పక్కన నిలబడ్డ మనిషికి ఇది ఐదు నిమిషాల పని. కుదరదనే ప్రతి సాకునూ, అది ఎంత దయనీయంగా ఉన్నా సరే, పడవ అక్కడ లేదనడానికి గుర్తుగానే తీసుకోవాలి.

ప్రకటనలోని ఫొటోల్లో మరో నంబరు కనబడుతుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. పడవ ముందు భాగంలో రెండు వైపులా కనీసం మూడంగుళాల ఎత్తుతో రిజిస్ట్రేషన్ నంబరు రాయాలన్నది నియమం. దానికి ముందు రాష్ట్రం పేరు రెండక్షరాల్లో ఉంటుంది: టెక్సాస్‌కు టీఎక్స్, ఫ్లోరిడాకు ఎఫ్ఎల్. అమ్మేవారు హ్యూస్టన్ దగ్గర కన్రో జలాశయంలో ఉందంటున్న పడవ మీద ఎఫ్ఎల్ ఉంటే, ఎందుకని అడగాలి. సరైన జవాబు ఉండొచ్చు. వేరేవాళ్ల పాత ప్రకటనలోంచి ఫొటోలు ఎత్తుకొచ్చి ఉండొచ్చు కూడా. ఫొటోతో వెతికే సదుపాయం గూగుల్‌లో ఉచితమే కదా, వాడుకోండి.

కోస్ట్ గార్డ్ దగ్గర నమోదైన పెద్ద పడవైతే, దాని లోపలి భాగంలో మూడంగుళాల అంకెలతో చెరగని అధికారిక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యతో వెస్ట్ వర్జీనియాలోని కోస్ట్ గార్డ్ నమోదు కేంద్రానికి 25 డాలర్లు కడితే ఆ పడవ యాజమాన్య చరిత్ర ఇస్తారు. ఎవరి నుంచి ఎవరికి వెళ్లింది, బ్యాంకు తనఖా నమోదై ఉందా, తీరిందా అన్నది అందులో తెలుస్తుంది. తనఖా తీరని పడవను మీరు పూర్తి ధర ఇచ్చి కొన్నా, అప్పిచ్చినవారు వచ్చి దాన్ని పట్టుకుపోవచ్చు. వేల డాలర్ల బేరంలో ఇంత చవకైన రక్షణ ఇంకోటి నాకు కనబడలేదు.

ఇలాంటిదే సర్వే. వృత్తి సర్వేయర్ పడవను పరిశీలించడానికి మామూలుగా అడుగుకు 20 నుంచి 25 డాలర్లు తీసుకుంటారు. 24 అడుగుల పడవకు 480 నుంచి 600. దూరం ఎక్కువై స్వయంగా వెళ్లలేనివారికి సర్వేయరే కళ్లు. మోసగాడి దగ్గర పడవే ఉండదు కాబట్టి సర్వేయర్ వస్తున్నాడని చెప్పగానే చాలా బేరాలు అక్కడితో ఆగిపోతాయి. ఆ 600 కూడా ఖర్చవదు. నిజమైన పడవైనా సర్వే అవసరమే. 2012లో శాండీ తుపాను తూర్పు తీరాన్ని కొట్టినప్పుడు దెబ్బతిన్న విహార పడవలు సుమారు 65,000 అని, నష్టం 65 కోట్ల డాలర్లని పడవ యజమానుల సంఘం బోట్‌యూఎస్ అంచనా వేసింది. పెద్ద తుపాను తర్వాత మునిగి తేలిన పడవలు శుభ్రమైన రంగు వేసుకుని వేరే రాష్ట్రాల్లో అమ్మకానికి వస్తాయి. ఉప్పునీరు తాగిన వైరింగ్‌ను ఫొటోలో ఎవరూ పట్టలేరు.

డబ్బు విషయంలో వరుస తప్పకూడదు. బ్రోకర్ ద్వారా జరిగే బేరాల్లో సాధారణంగా ధరలో 10 శాతం బయానా ఇస్తారు. అది బ్రోకర్ ప్రత్యేక ఖాతాలో ఉంటుంది. సర్వే, నీళ్లలో నడిపి చూడటం అయ్యాక నచ్చకపోతే వెనక్కి వస్తుందని ఒప్పందంలో రాసుకుంటారు. ఫ్లోరిడా, కాలిఫోర్నియాల్లో పడవ బ్రోకర్లకు రాష్ట్ర లైసెన్సు ఉండాలి, ఆ లైసెన్సు నిజమో కాదో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. మోసంలో ఈ వరుస తలకిందులవుతుంది: ముందు డబ్బు, తర్వాత పడవ. ఆ తలకిందుల వరుసను కప్పిపెట్టడానికి నకిలీ ఎస్క్రో పనికొస్తుంది. ఎస్క్రో అంటే డబ్బు మధ్యవర్తి దగ్గర ఉండి, సరుకు చేరాకే అమ్మేవారికి అందడం, పద్ధతి మంచిదే. కానీ ఆ మధ్యవర్తి పేరును అమ్మేవారే చెప్పి, లింకు కూడా వారే పంపితే, ఆ మధ్యవర్తి కూడా వారే కావచ్చు. ఈబే పేరుతో వచ్చే హామీ కూడా ఇలాగే. ఈబేలో వాహన కొనుగోళ్లకు లక్ష డాలర్ల వరకు రక్షణ పథకం నిజంగానే ఉంది, అయితే అది ఈబేలోనే జరిగిన కొనుగోలుకే. ప్రకటన వేరేచోట చూసి, ఈబే బిల్లు ఈమెయిల్‌లో వచ్చిందంటే ఆ బిల్లు దొంగది.

అమ్మేవారి నోట ఉచిత రవాణా మాట వినబడితే పడవ వెడల్పు అడగండి. అమెరికా ప్రధాన రహదారుల మీద ప్రత్యేక అనుమతి లేకుండా లాగగలిగే వెడల్పు 8 అడుగుల 6 అంగుళాలు. అంతకు మించితే దారిలో పడే ఒక్కో రాష్ట్రం అనుమతీ తీసుకోవాలి. పదడుగుల వెడల్పు పడవను ఫ్లోరిడా నుంచి డాలస్‌కు ఉచితంగా పంపుతానంటున్న మనిషి పడవను ఎన్నడూ తరలించి ఉండడు.

అమ్మేవారు కూడా క్షేమం కాదు. కొంటామని వచ్చే మోసగాళ్లు అడిగిన ధర కంటే ఎక్కువకు క్యాషియర్స్ చెక్కు పంపి, మిగతా సొమ్ము రవాణా వాళ్లకు పంపమంటారు. అలాంటి చెక్కు మీద డబ్బును బ్యాంకు మామూలుగా మర్నాడే ఖాతాలో చూపిస్తుంది. చెక్కు నకిలీదని తేలడానికి వారాలు పట్టొచ్చు. ఆ నడుమ మీరు పంపిన డబ్బు మీదే, తిరిగి కట్టాల్సిందీ మీరే.

డబ్బు వెళ్లిపోయిందని తెలిసిన రోజున సిగ్గుతో ఆగిపోయేవారు ఎక్కువ. ఆగొద్దు. మొదటి 72 గంటలే కీలకం. వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసి వైరు బదిలీని వెనక్కి పిలవమనాలి, అదే రోజు ఐసీ3లో ఫిర్యాదు నమోదు చేయాలి. 2024లో ఐసీ3 బృందం ఇలా వెంటాడిన 84.8 కోట్ల డాలర్లలో 56.2 కోట్లను స్తంభింపజేయగలిగింది, అంటే 66 శాతం. ఇండియాలో ఉన్నవారికి ఇదే పనికి 1930 నంబరు ఉంది; 2024లో అక్కడి సైబర్ మోసాల నష్టం 22,845 కోట్ల రూపాయలని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది.

ఫిర్యాదు చేశాక మరో ఫోన్ రావచ్చు. మీ డబ్బు దొరికింది, కొంత రుసుం కడితే ఇచ్చేస్తామంటారు, ఐసీ3 అధికారులమనే చెబుతారు. 2023 డిసెంబరు నుంచి 2025 ఫిబ్రవరి వరకు ఇలాంటి నకిలీల మీద 100కు పైగా ఫిర్యాదులు వచ్చాయని ఎఫ్‌బీఐ తెలిపింది. ఐసీ3 బాధితులకు తానుగా ఫోన్ చేయదు, పోయిన డబ్బు తిరిగి ఇప్పించడానికి రుసుం అడగదు.