ఆసుపత్రి తెరిచే ఉంటుంది, సెప్టిక్ ట్యాంకులోకి దిగేదెవరు?

మడకశిరలో పెద్ద జబ్బు చేస్తే దారులు మూడే. హిందూపురం జిల్లా ఆసుపత్రి, అనంతపురం సర్వజన ఆసుపత్రి, చేతిలో డబ్బుంటే బెంగళూరు. మూడో దారి లేనివాళ్లలో దళితవాడల కూలీ కుటుంబాలు ముందుంటాయి. అందుకే సర్కారు ఆసుపత్రి గేటుకు ‘మరమ్మతుల కోసం మూసివేయడమైనది’ అని బోర్డు తగిలించడం కుదరదు. కానీ పాత భవనాల్లో వైరింగు, నీళ్ల పైపులు, ఆక్సిజన్ లైను, డ్రైనేజీ ఎప్పుడో ఒకప్పుడు మార్చక తప్పదు. పైన కాన్పులు జరుగుతుంటే కింద పైపులు కోయాలి. ఆ పని ఎలా చేస్తారు, అందులో ప్రమాదం ఎవరి నెత్తిన పడుతుంది అన్నదే ఇక్కడ మాట్లాడుకోవాల్సింది.

మార్చకుండా నెట్టుకొస్తే ఏమవుతుందో ఉస్మానియా చూపించింది. 1908 మూసీ వరదల తర్వాత విన్సెంట్ ఎష్ డిజైన్‌తో కట్టి, 1925 నాటికి పూర్తిచేసిన భవనం అది. 2020 జులైలో వాననీరు, మురుగునీరు కలిసి వార్డుల్లోకి వచ్చాయి. ఆ నెలలోనే పాత భవనానికి తాళం వేసి, రోగుల్ని ఆవరణలోని మిగతా బ్లాకుల్లో సర్దారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది 2025 జనవరి 31న. అంటే ముందు తాళం పడింది, నాలుగున్నరేళ్ల తర్వాత పునాదిరాయి పడింది. మధ్యలో ఇరుక్కున్నది పేద రోగులే.

నడుస్తున్న ఆసుపత్రిలో పనికి ఒక వరస ఉంది. ముందు కొత్త లైను వేయాలి, పరీక్షించాలి, ఆ తర్వాతే పాతది కోయాలి. వినడానికి మామూలు మాటే. కానీ కొత్త లైను వేసి పాతదాన్ని కొన్నాళ్లు పక్కనే నడపాలంటే ఖర్చు పెరుగుతుంది. ఎస్టిమేట్‌లో కోత పడేది మొదట అక్కడే.

ఆక్సిజన్ సంగతి చూడండి. గోడలో కనిపించే ఆ రాగి గొట్టంలో ఒత్తిడి సుమారు 4 బార్ దగ్గర నిలకడగా ఉండాలి. ఒక వాల్వు కట్టేస్తే దాని అవతల ఉన్న మంచాలన్నిటికీ సరఫరా ఆగుతుంది. కాబట్టి ఏ వాల్వు ఏ వార్డుదో తెలిపే మ్యాపు చేతిలో ఉండాలి, మంచం మంచానికీ సిలిండర్ సిద్ధంగా ఉండాలి. 2021 మే 10న తిరుపతి రుయాలో ట్యాంకర్ రావడం ఆలస్యమై ఒత్తిడి పడిపోయింది. అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. సరఫరా అందడంలో తేడా ఐదు నిమిషాలేనని నాటి కలెక్టర్ చెప్పారు. అక్కడ మరమ్మతు పనేమీ జరగడం లేదు, నిజమే. కానీ ఐదు నిమిషాల షట్‌డౌన్ అంటే ఏమిటో కాంట్రాక్టర్లకు చెప్పడానికి ఆ సాయంత్రం చాలు.

కరెంటూ అంతే. ఫ్యాన్లు, లైట్ల కోసం వేసిన పాత వైర్ల మీద ఇప్పుడు ఏసీలు, ఎక్స్‌రే, వార్మర్లు నడుస్తాయి. జనరేటర్ అందుకునే కొద్ది సెకన్లు కూడా వెంటిలేటర్ ఆగకూడదు, దానికి యూపీఎస్ కావాలి. ఇక దుమ్ము. గోడ పగలగొడితే లేచే దుమ్ములో ఆస్పర్జిల్లస్ అనే బూజు తాలూకు కణాలు ఉంటాయి. ఆరోగ్యవంతులకు తుమ్ములతో పోతుంది. ఊపిరితిత్తులు దెబ్బతిన్న టీబీ రోగికి అది ప్రాణం మీదికి వస్తుంది. నేల నుంచి సీలింగు దాకా ప్లాస్టిక్ తెర కట్టి, గాలి వార్డువైపు రాకుండా బయటికి లాగే ఫ్యాను పెట్టకుండా సుత్తి ఎత్తకూడదు.

అసలు విషయం డ్రైనేజీ. వార్డులు ఆగవు కాబట్టి మురుగూ ఆగదు. పాత లైను మార్చాలంటే ఆ మురుగును పంపులతో, తాత్కాలిక పైపులతో పక్కకు మళ్లించాలి. ఆ ఏర్పాటుకు టెండర్‌లో డబ్బు రాయకపోతే ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఔట్‌సోర్సింగ్ శానిటేషన్ వర్కర్‌ను పిలిచి ‘కాస్త దిగి చూడు’ అంటారు. కాస్త అనే మాటలోనే ఉంది మోసం. సెప్టిక్ ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన లేదు కదా అని దిగినవాడు పడిపోతాడు, వాణ్ని లాగబోయినవాడూ పడిపోతాడు. ఆసుపత్రి మురుగులో వీటికి తోడు రక్తం, సూదులు, మందుల రసాయనాలు కూడా ఉంటాయి.

రక్షణ పరికరాలు లేకుండా ఇలా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 2023 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు ఇలాంటి మరణాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. ‘నమస్తే’ పథకం కింద కేంద్రం 2024 నాటికి వివరాలు సేకరించిన 38 వేల మంది మురుగు కార్మికుల్లో దాదాపు 69 శాతం ఎస్సీలు. ఇంజనీర్ గీసిన డ్రాయింగులో కులం కనపడదు. మళ్లింపు పంపు ఖర్చు కొట్టేసిన చోట కనపడుతుంది.

పెనుకొండ మెడికల్ కాలేజీని పీపీపీకి ఇవ్వడం మీద వాదోపవాదాలు జరిగాయి, జరగాలి కూడా. ఉన్న ఆసుపత్రుల నేల కింది పైపుల గురించి మాత్రం ఎవరూ ధర్నా చేయరు. 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడుగా ఉన్న మడకశిరలోనూ అది ఎన్నికల మాట కాలేదు.

మీ ఊరి ఆసుపత్రిలో ఇలాంటి పని మొదలైతే సమాచార హక్కు కింద మూడు కాగితాలు అడగండి: షట్‌డౌన్ ప్రణాళిక, మురుగు మళ్లింపుకు ఎస్టిమేట్‌లో రాసిన మొత్తం, ట్యాంకు శుభ్రం చేసేది యంత్రమా మనిషా అని చెప్పే కాంట్రాక్టు షరతు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఆ రుజువు జతచేస్తే ఫీజు ఉండదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అయితే మనిషి ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే గడువు 48 గంటలే. ట్యాంకులోకి మనిషిని దింపబోతున్నారని తెలిస్తే దరఖాస్తులో ఆ మాట మొదటి వాక్యంలోనే రాయండి.