చెదలు: పైకి చెక్క, లోపల మట్టి

ఈ రోజు ఎపిసోడ్‌కి కారణం మా అమ్మమ్మ గారి ఇంట్లో గోడబీరువా. అమలాపురం దగ్గర పల్లెటూరు, పాత పెంకుటిల్లు. సంక్రాంతికి వెళ్లినప్పుడు పొలం దస్తావేజు కావాల్సి వచ్చి బీరువా తీశాం. ఫైలు అట్ట చూడ్డానికి కొత్తదానిలా ఉంది. ఎత్తితే లోపల మట్టి! దస్తావేజులో సగం లేదు, దాని కింద నా బీటెక్ మెమోలు రెండు జల్లెడ అయిపోయాయి. "అదేంట్రా అబ్బాయ్, మొన్న దసరాకేగా దులిపాను" అని అమ్మమ్మ ఒకటే బాధ.

ముందు ఒక ఊరట మాట. రిజిస్టర్ అయిన దస్తావేజు చెద తినేస్తే ఆస్తి పోదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నంబరు, సంవత్సరం చెప్పి దరఖాస్తు పెడితే సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. నంబరు గుర్తులేకపోతే ఈసీ తీయించండి, అందులో దొరుకుతుంది. ఈ వీడియో ఆపేసి ముందు మీ ఇంట్లో కాగితాలన్నీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. నేను తీయలేదు. ఆరేళ్లు సాఫ్ట్‌వేర్‌లో బ్యాకప్, బ్యాకప్ అని అందరికీ చెప్పినవాడిని!

సరే, మన దగ్గరే ఇంత ఎక్కువ ఎందుకు? చెదపురుగు ఒళ్లు చాలా మెత్తన, ఎండ తగిలితే ఎండిపోయి చస్తుంది. దానికి తిండి కంటే ముందు చెమ్మ కావాలి. మన డెల్టాలో చెమ్మకి కొదవేముంది? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి కాలవలే కాలవలు, కాస్త తవ్వితే నీరు. పైగా ఇంటి చుట్టూ కొబ్బరి మొద్దులు, డొక్కలు, ఎండు మట్టలు. గూడు భూమిలో ఉంటుంది, భోజనానికి మన ఇంటికి వస్తాయి. గాలి తగలకుండా గోడ మీద మట్టితో సన్నటి గొట్టం కట్టుకుంటూ వస్తాయి. మనం చీపురుతో దులిపేది ఆ గొట్టాన్నే. పురుగులు పక్కనుంచి ఇంకోటి కట్టుకుంటాయి. అమ్మమ్మ దసరాకి దులిపింది అదే.

తొలకరి వానకి లైటు చుట్టూ ఉసిళ్లు మూగుతాయి కదా, మనం లైటు తీసేసి కింద బేసిన్‌లో నీళ్లు పెడతాం. అవి రెక్కలొచ్చిన చెదలే. బయట నుంచి వస్తే పర్వాలేదు. మీ ఇంట్లో ద్వారబంధం సందులోంచో, గచ్చు పగుల్లోంచో బయల్దేరితే మాత్రం ఇంటి కిందే కాపురం ఉందని అర్థం. రెక్కల చీమ అనుకుని వదిలేయకండి. చీమకి నడుము సన్నం, ముందు రెక్కలు పెద్దవి. ఉసిలికి నడుము ఉండదు, నాలుగు రెక్కలూ ఒకే పొడవు.

"మాది టేకు, చెద పట్టదు" అంటారు కొంతమంది. చేవకి పట్టదన్నమాట చాలావరకు నిజమే. ఇప్పుడు వచ్చే లేత టేకులో చేవ ఎంత, పైన తెల్ల చెక్క ఎంత? పాత మండువా ఇళ్లలో చేవ ముదిరిన తాటి దూలాలు నిలబడింది అందుకే. స్క్రూడ్రైవర్ పిడితో ద్వారబంధం అడుగున కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే లోపల పని జరుగుతోంది.

ఇప్పుడు మందు సంగతి. కిరసనాయిలు తగిలిన పురుగే చస్తుంది, గూట్లో రాణి రోజుకి వేలల్లో గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు వేరు. అక్కడ మందు ఉందని పురుగు పసిగట్టలేదు, ఒంటికి పూసుకుని వెళ్లి మిగతావాటికి అంటిస్తుంది. ఇళ్లకి వాడేది 30.5 శాతం ఎస్‌సీ, లీటరు నీటికి సుమారు 2.1 మిల్లీలీటర్లు. చేలో దోమకి కొట్టే 17.8 శాతం డబ్బా ఇంట్లో మిగిలిందని అదే కలిపేయకండి, అది వేరే తయారీ, వేరే లెక్క.

కట్టేసిన ఇంటికి పద్ధతి ఐఎస్ 6313 మూడో భాగంలో ఉంది. గోడ, గచ్చు కలిసే చోట అడుగుకో రంధ్రం, 12 మిల్లీమీటర్లది, మట్టి తగిలేదాకా. ఒక్కో దాంట్లో పీల్చుకున్నంత మందు, గరిష్ఠంగా లీటరు. తర్వాత సిమెంటుతో మూసేయాలి. మాకు మొదట వచ్చినాయన పదేళ్ల గ్యారంటీ అన్నాడు, డ్రిల్లు లేకుండా గోడలకి స్ప్రే కొట్టి గంటలో వెళ్లిపోయాడు. రెండో వానకే గొట్టాలు మళ్లీ వచ్చాయి. డ్రిల్లు తెచ్చారా, ఏ మందు, ఎంత శాతం, ఈ మూడూ అడిగాకే డబ్బులివ్వండి. డబ్బా సీలు మీ ఎదురుగా తీయించండి.

ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. మన ఇళ్లలో నుయ్యో, చేతిపంపో గోడకి నాలుగు అడుగుల్లోనే ఉంటుంది. ఆ వైపు భూమిలోకి మందు పంపొద్దు. భీమవరం, ఆకివీడు వైపు చెరువు గట్టు మీద ఇళ్లవాళ్లు ఇంకా జాగ్రత్త. రొయ్య, పీత అంటే పురుగులకి దగ్గర చుట్టాలే, పురుగుని చంపేది వాటినీ చంపుతుంది. బైఫెంత్రిన్, క్లోరిపైరిఫాస్ చేపకి కూడా విషమే. కడిగిన బకెట్టు నీళ్లు కాలవలో పారబోశారంటే పక్కవాడి పంట పోతుంది. అమెరికాలో క్లోరిపైరిఫాస్‌ని ఇళ్లలో వాడటం 2000లో జరిగిన ఒప్పందంతో దాదాపు ఆపించారు. మన దగ్గర ఇంకా అదే చౌక. పిల్లలున్న ఇంట్లో నేనైతే వాడను.

కొత్తగా కట్టేవాళ్లకి ఈ బాధ తక్కువ. మెరక తోలించేటప్పుడు కొబ్బరి మొద్దులు, వేళ్లు మట్టిలో కప్పెట్టేయకండి. సెంట్రింగ్ చెక్క ముక్క ఒక్కటి కూడా బేస్‌మెంట్‌లో వదలొద్దు. కాంక్రీటు వేసే ముందు మెరక మీద చదరపు మీటరుకి 5 లీటర్ల మందు నీళ్లు పోయించండి, వాన లేని రోజు చూసుకుని. 2022 జూలై వరద లాంటిది వచ్చి ఇంటి చుట్టూ మట్టి కొట్టుకుపోతే, లేదా పైపు కోసం మీరే తవ్వితే, ఆ మేరకి మందు పొర పోయినట్టే. మళ్లీ వేయించుకోవాలి.

అమ్మమ్మ ఇంట్లో ఇప్పుడు కాగితాలు ఇనప బీరువాలో ఉన్నాయి, అదీ గోడకి నాలుగు వేళ్లు ఎడంగా. నుయ్యి వైపు గోడకి మందు కొట్టించలేదు. అక్కడ ద్వారబంధం తీసేసి సిమెంటుది పెట్టించాం. ఆవిడకి అది నచ్చలేదు, "పసుపు రాస్తే నిలవట్లేదురా" అంటోంది. వచ్చే ఎపిసోడ్‌లో ఉప్పునీటి బోరు గురించి మాట్లాడుకుందాం, ఉంటానండి.