నిప్పుల ముందు నిలిచిన కెమెరా

ఖైదీగా రోముకు వెళ్తున్న అపొస్తలుడైన పౌలు ఎక్కిన ఓడ రేగియు నుండి పొతియొలీకి సాగిన సముద్రంలోనే స్ట్రాంబోలి అనే చిన్న ద్వీపముంది. ద్వీపమంటే నిజానికి 924 మీటర్ల ఎత్తున్న అగ్నిపర్వతమే! శతాబ్దాలుగా నిప్పులు చిమ్ముతూనే ఉంది గనుక దానికి ‘మధ్యధరా దీపస్తంభం’ అన్న పేరొచ్చింది.

పగలు చూస్తే అక్కడ పొగ, బూడిద తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. చీకటి పడ్డాకే కొండ అసలు రూపం బయటపడుతుంది. వెయ్యి డిగ్రీలు దాటిన వేడితో పైకొచ్చే లావా తన వెలుగు తానే ఇస్తుంది. అందుకే ఫొటోగ్రాఫర్లు రాత్రివేళ స్టాండు మీద కెమెరా నిలిపి, కొన్ని సెకన్లపాటు షట్టర్ తెరిచి ఉంచుతారు. ఎగిరిపడే ప్రతి నిప్పురాయీ ఫొటోలో విల్లులా వంగిన ఎర్రటి గీతవుతుంది. గీత అందమైనదే, కానీ దాని కొసన ఉన్నది కాలుతున్న రాయి! రాళ్లు మీదికొస్తుంటే వెనుదిరిగి పరుగెత్తకుండా, తలెత్తి చూసి పక్కకు తప్పుకోవాలంటారు అనుభవజ్ఞులు. అయితే చల్లారి నల్లబడిన రాయి చీకట్లో కంటికి ఆనదు. 2019 జులై 3న జరిగిన భారీ పేలుడులో ఒక యాత్రికుడు మరణించాక శిఖరం దాకా ఎక్కడాన్ని అధికారులు ఆపేశారు.

ఫ్రాన్స్‌కు చెందిన కాటియా, మారిస్ క్రాఫ్ట్ దంపతుల ప్రయాణం ఈ స్ట్రాంబోలి నిప్పులను ఫొటోలు తీయడంతోనే ఊపందుకుంది. లోకంలో ఎక్కడ అగ్నిపర్వతం రాజుకున్నా అక్కడికెళ్లి, ఇతరులు వెళ్లజాలనంత దగ్గరగా చిత్రీకరించారు. 1985 నవంబర్ 13 రాత్రి కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ పేలి, మంచు కరిగి, బురద వరదై ఆర్మెరో పట్టణాన్ని ముంచేసింది. 20 వేల మందికి పైగా చనిపోయారు. ముందే హెచ్చరికలున్నా పట్టణాన్ని ఖాళీ చేయించలేదు. మాటలతో నమ్మని వారికి కళ్లారా చూపించాలని క్రాఫ్ట్ దంపతులు తమ చిత్రాలతో ఒక వీడియో తయారు చేశారు.

1991 జూన్ 3న జపాన్‌లోని ఉన్జెన్ పర్వతం నుండి దూసుకొచ్చిన వేడి బూడిద మేఘం 43 మందిని బలిగొంది. వారిలో క్రాఫ్ట్ దంపతులున్నారు, ఫొటోల కోసం చేరిన విలేకరులున్నారు, వాళ్లను తీసుకొచ్చిన టాక్సీ డ్రైవర్లు, స్థానిక అగ్నిమాపక దళ సభ్యులూ ఉన్నారు. సరిగ్గా 12 రోజులకు, జూన్ 15న ఫిలిప్పీన్స్‌లో పినటుబో బద్దలైంది. అంతకుముందే అక్కడి అధికారులకు, ప్రజలకు క్రాఫ్ట్ వీడియో చూపించారు. దాన్ని చూసి ప్రమాదమేమిటో గ్రహించిన వారెందరో ఇళ్లు వదిలి కదిలారు. వేలాది ప్రాణాలు దక్కాయి. తీసినవారు లేరు, తీసిన చిత్రం మాత్రం ఊళ్లను నిద్రలేపింది!

మరి ఆ టాక్సీ డ్రైవర్ల మాటేమిటి? వాళ్లకు ఏ ఫొటో అక్కర్లేదు. పిలిచినవారి కోసం వచ్చి, ఎదురుచూస్తూ ఆగిపోయారు. సాహసం చేసేటప్పుడు మన ప్రాణం మనిష్టమని అనుకుంటాం, కానీ మన వెనుక ఎవరు నిలబడి ఉన్నారో తిరిగి చూడం. ఈ రోజుల్లో కెమెరా లేని జేబు లేదు. రోడ్డు మీద ప్రమాదం జరిగినా, వరదొచ్చినా, మంటలు లేచినా ముందుగా ఫోను పైకెత్తుతాం. అలా ఎత్తేముందు రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఈ బొమ్మ ఎవరిని కాపాడుతుంది? దీనికోసం ఎవరి ప్రాణం పణంగా పెడుతున్నాం? జవాబు దొరక్కపోతే ఫోను జేబులో పెట్టి, చేయి అందించడమే మేలు.