డెక్కలు చెప్పనిది కళ్ళు చెప్పాయి

జర్మనీలోని ప్రూమ్ పట్టణం చెంత ఒక రాతిగనిలో, సుత్తితో ఉలితో పలకలను విడదీస్తున్న మార్కస్ పోష్‌మన్ అనే శాస్త్రజ్ఞునికి ఒక పలకపై నల్లని మచ్చ కనిపించింది. శుభ్రం చేసి చూడగా అది ఒక బ్రహ్మాండమైన డెక్కలో భాగం! పూర్తి డెక్క పొడవు 46 సెంటీమీటర్లు. దానిని బట్టి ఆ ప్రాణి సుమారు రెండున్నర మీటర్లు ఉండేదని 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. నిలువెత్తు మనిషికంటె పొడవన్నమాట. దాని పేరు జేకెలాప్టెరస్. అది జీవించినది సుమారు 40 కోట్ల ఏళ్ళ క్రితం.

ఈ జాతిని సముద్రపు తేళ్ళు అంటారు. ఇవి అసలు తేళ్ళు కావు. తేళ్ళకూ సాలీళ్ళకూ దగ్గరి బంధువులు. వీటిని అపార్థం చేసుకోవడం మనిషికి కొత్త కాదు. 1818లో వీటి శిలాజాన్ని మొట్టమొదట వర్ణించిన అమెరికన్ పండితుడు శామ్యూల్ మిచిల్, దానిని వాలుగవంటి చేప అనుకున్నాడు!

పెద్ద దేహం, ముళ్ళు నిండిన డెక్కలు చూసి, భారీ సముద్రపు తేళ్ళన్నీ ఎదురులేని వేటగాళ్ళని చాలాకాలం భావించారు. అయితే ఆక్యుటిరామస్ అనే మరో భారీ ప్రాణి డెక్క బలాన్ని 2010లో లెక్కగట్టగా, గుర్రపు లాడం ఆకారపు పీత పెంకును సైతం అది పగలగొట్టలేదని తేలింది. 2014లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాని కళ్ళను పరీక్షించారు. తూనీగవంటి చురుకైన వేటగాళ్ళ కళ్ళలో సూక్ష్మమైన కటకాలు వేలకొద్దీ కిక్కిరిసి ఉంటాయి. ఆక్యుటిరామస్ కంటిలో అవి పెద్దవి, తక్కువ. చూపు మసక. కనుక అది మసక వెలుతురులో పొంచి ఉండి మెత్తని జీవులను పట్టుకునేదో, కళేబరాలను తినేదో అయి ఉండాలి.

మరి జేకెలాప్టెరస్? 2015లో దాని కళ్ళనూ పరిశీలించారు. ఫలితం తారుమారైంది. ఆ చూపు తీక్షణం. కదిలే ఎరను గురిచూసి పట్టగల వేటగాని చూపు అది. ఒకే కుటుంబం; బ్రతుకుతెరువులు మాత్రం వేరు.

వీరి బంధువైన స్లిమోనియాకు తోక చివర రంపపు అంచు ఉండేది. ఆ తోక పక్కలకు బాగా వంగేదని స్కాట్లండ్ శిలాజం ఒకటి చూపింది. ఎరను ముందు కాళ్ళతో అదిమిపట్టి తోకతో కోసేదని 2017లో ఇద్దరు పరిశోధకులు ఊహించారు.

సుమారు 25 కోట్ల ఏళ్ళ క్రితం, అనేక జీవజాతులను తుడిచిపెట్టిన మహావినాశనంలో సముద్రపు తేళ్ళూ అంతరించాయి. వేటాడిన చేతులు రాయిగా మారాయి. ఎవరు ఎలా వేటాడారో మాత్రం, ఆ రాతిలోనే మిగిలిన కళ్ళు నేటికి చెబుతున్నాయి.