ఒక్కని భుజముపై జట్టు భారము



నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము మన దేశపు ఆట కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిక్కిలి వ్యాప్తి గల బేస్ బాల్ అను బంతియాటను గూర్చి కొన్ని మాటలు చెప్పదలచితిని. దూరదేశపు ఆటతో మనకేమి పని యని పెద్దలకు తోచవచ్చును. కాని పదిమంది పని ఒక్కనిపై బడినప్పుడు వాడు దానిని ఎట్లు మోసెను, వానిచే ఎంతవరకు మోయింపవచ్చును అను ప్రశ్న ఏ దేశమునందైనను ఒక్కటియే. ఆ ప్రశ్న కొరకే ఈ ఆటను ఎన్నుకొంటిని. నేను దీనిని ఆడినవాడను గాను. ఆటల లెక్కలను చదివి తెలిసికొన్నదే నా పరిచయము.

మొదట ఆట తీరు చెప్పెదను. జట్టునకు తొమ్మండుగురు. మైదానమున కొంచెము ఎత్తైన మట్టిదిబ్బ యుండును. దానిపై నిలిచి బంతి విసరువానిని పిచ్చర్ అందురు. వానికి 60 అడుగుల 6 అంగుళముల దూరమున ఎదుటి జట్టువాడు దుడ్డుకఱ్ఱ వంటి బ్యాటుతో నిలుచును. క్రికెట్టు నెరిగినవారికి ఒక భేదము చెప్పవలెను. క్రికెట్టులో ఒకడు ఆరు బంతులు వేసి మఱియొకనికి బంతి నిచ్చును. ఇందు అట్టి నియమము లేదు. ఓపిక యున్నంతవరకు ఒక్కడే విసరవచ్చును. కొట్టువానికి మూడు స్ట్రయిక్‌లు పడినచో వాడు ఔటు. విసరువాడు నాలుగు బంతులను గతి తప్పి వేసినచో కొట్టువాడు ఊరకయే మొదటి మజిలీకి నడచిపోవును. నాలుగు మజిలీలు చుట్టి వచ్చిన ఒక పరుగు. ముగ్గురు ఔటైన ఒక ఇన్నింగ్స్ ముగియును. అట్టివి తొమ్మిది. కావున ఆటను ఒక్కడే ముగింపవలెనన్న, సాధారణముగా 27 ఔట్లు వాని చేతి మీదుగానే జరుగవలెను.

ఏటేట పోటీలన్నియు ముగిసిన పిదప, శరత్కాలమున, రెండు లీగులలో గెలిచిన జట్లకు వరల్డ్ సిరీస్ అను తుది పందెము జరుగును. ఇప్పటి నియమము ప్రకారము ఏడు ఆటలలో ముందుగా నాలుగు గెలిచినవారిదే జయము. ఆ దినములలో విసరువాడు నిలిచిన జట్టు నిలుచును; వాడు కూలిన జట్టు కూలును.

ఇట్టి ఘనకార్యములలో మొదట చెప్పవలసినది 1905వ సంవత్సరపు క్రిస్టీ మాథ్యూసన్‌ది. అతడు న్యూయార్కు జెయింట్స్ జట్టువాడు. ఎదుటివారు ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్. అక్టోబరు 9, 12, 14 తేదీలలో, అనగా ఆరు దినములలో, మాథ్యూసన్ మూడు ఆటలు మొదటినుండి తుదివరకు తానే విసరెను. మొత్తము 27 ఇన్నింగ్స్‌లలో ఎదుటివారికి ఒక్క పరుగైన దక్కలేదు. పదునెనమండుగురిని స్ట్రయికౌట్ చేసి, ఒక్కనిని మాత్రమే ఊరక నడువనిచ్చెను. నూఱేండ్లు దాటినను ఆ లెక్క నేటికిని చెక్కుచెదరలేదు.

రెండవ కథ గొప్పవానిది కాదు, సామాన్యునిది. డాన్ లార్సెన్ 1954లో మూడు ఆటలు గెలిచి, ఇరువదియొక్క ఆటలు ఓడిన పిచ్చర్. 1956లో న్యూయార్కు యాంకీస్ పక్షమున, బ్రూక్లిన్ డాడ్జర్స్‌పై తుది పందెములో రెండవ ఆటకు నిలిచెను. తన జట్టు ఆరు పరుగులు ముందుండగా, రెండు ఇన్నింగ్స్‌లైన నిండకమునుపే గతి తప్పుటచే నాయకుడు అతనిని దింపివేసెను. అట్టివానికే మూడు దినములకు, అక్టోబరు 8న, మరల బంతి నిచ్చిరి. ఆ దినమున అతడు 97 బంతులు విసరెను. ఇరువదియేడుగురు వచ్చిరి, ఇరువదియేడుగురును వెనుదిరిగిరి. ఒక్కడైన మొదటి మజిలీని చేరలేదు. దీనిని ‘పర్ఫెక్ట్ గేమ్’ అందురు. వరల్డ్ సిరీస్ చరిత్రలో ఇట్టిది మఱియొకటి లేదు. లార్సెన్ తన జీవితమున గెలిచిన ఆటలు 81, ఓడినవి 91. తప్పినవానికి రెండవ తరుణము నిచ్చుటలో నష్టము కలుగవచ్చును. కాని ఈయకపోయినచో ఈ దినము చరిత్రలోనే లేకపోవును గదా!

ఇక మూడవవాడు లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ జట్టునకు చెందిన శాండీ కౌఫాక్స్. ఇతడు యూదుడు. 1965లో తుది పందెపు మొదటి ఆట యోమ్ కిప్పుర్ అను పవిత్ర దినమున పడగా, తాను ఆడనని నిలిచెను. తరువాతి ఆటలో ఓడెను. పిదప అయిదవ ఆటను గెలిచి, రెండు దినములు మాత్రమే విశ్రమించి, ఏడవ ఆటకు మరల నిలిచెను. అతని ఎడమ మోచేతి కీలున వాపు వ్యాధి యుండెను. ఆ దినమున వంకర తిరుగు బంతి అతనికి సరిగా లొంగలేదు. అందుచే వేగపు బంతినే నమ్ముకొని, మిన్నెసోటా జట్టునకు పరుగు దక్కనీయక, పదిమందిని స్ట్రయికౌట్ చేసి, 2–0గా గెలిపించెను. మఱుసటి యేడు ముగియగానే, ముప్పది యేండ్ల వయసున, చేయి చెడుననెడు భయముచే ఆటను విడిచెను.

నాలుగవవాడు సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టుయొక్క బాబ్ గిబ్సన్. 1968 అక్టోబరు 2న డెట్రాయిట్ టైగర్స్‌పై ఒక్క ఆటలో పదునేడుగురిని స్ట్రయికౌట్ చేసెను. తుది పందెములో నేటికిని అదియే మేటి లెక్క. అయినను అదే పందెము ఏడవ ఆటలో, ఆరు ఇన్నింగ్స్‌ల వరకు పరుగు లేకుండ నిలిపి, ఏడవదానిలో ఇద్దరు ఔటైన పిదప ఓటమి పాలయ్యెను. మంచి ఆటగాడైన కర్ట్ ఫ్లడ్ ఒక బంతిని తప్పుగా అంచనా వేయగా, అది అతని తలమీదుగా పోయెను. 4–1గా టైగర్స్ గెలిచిరి. ఎంతటి భుజబలము గలవాడైనను వెనుక నిలిచినవారి చేతిలో కూడ ఉండునని ఈ కథ చెప్పుచున్నది.

1991లో ముప్పదియారేండ్ల జాక్ మోరిస్ మిన్నెసోటా పక్షమున ఏడవ ఆటలో పది ఇన్నింగ్స్‌లు ఒక్కడే విసరి, అట్లాంటాపై 1–0గా గెలిపించెను. తొమ్మిది ముగిసిన పిదప నాయకుడు అతనిని మార్పదలచినను, అతడు దిగుటకు ఒప్పుకొనలేదు. పెద్దలారా, ఇట్టి మొండితనము గెలిచినప్పుడు ధైర్యమనబడును, ఓడినప్పుడు మూర్ఖత్వమనబడును.

ఇప్పుడు కాలము మారినది. బంతుల లెక్క చూచి, భుజము చెడకుండ, అయిదారు ఇన్నింగ్స్‌లకే పిచ్చరును మార్చుట వాడుకయైనది. 2022లో హ్యూస్టన్ జట్టు తుది పందెములో ఫిలడెల్ఫియాకు ఒక్క హిట్టైన ఈయలేదు. కాని ఆ పనిని నలుగురు పంచుకొనిరి. మొదటివాడైన క్రిస్టియన్ హావియర్ ఆరు ఇన్నింగ్స్‌లకు విసరిన బంతులు 97. లార్సెన్ తొమ్మిదింటికి విసరినవియు 97 బంతులే! నాడు ఆ లెక్కతో ఆట ముగిసెను. నేడు ఆ లెక్కతో పిచ్చరు పని ముగియుచున్నది.

అయినను పాత తీరు పూర్తిగా పోలేదు. 2025లో జపాను దేశీయుడైన యోషినోబు యమమొటో, డాడ్జర్స్ పక్షమున, తుది పందెపు రెండవ ఆటను మొదటినుండి కడవరకు తానే విసరి గెలిచెను. ఆరవ ఆటను గెలిపించి, మఱునాడే ఏడవ ఆటలో తుదిభాగమున మరల దిబ్బ నెక్కి జయము తెచ్చెను.

ఏది మేలు? ఒక్కనిచే కడవరకు మోయించుటయా, నలుగురికి పంచుటయా? కౌఫాక్స్ చేతిని తలచిన పంచుటయే న్యాయమనిపించును. మోరిస్ మొగమును తలచిన, మోయగలవానిని మోయనిచ్చుటయే న్యాయమనిపించును. నాకు తోచినది ఇది: బరువు మోయువాడు తన బలమును తాను పూర్తిగా ఎరుగడు, ఉత్సాహము నొప్పిని కప్పివేయును. కావున ఎప్పుడు దింపవలెనో తెలిసిన పెద్ద ఒకడు ప్రక్కన నుండవలెను. అట్లే, దింపినవానికి మూడు దినముల పిదప మరల బంతి నీయగల మనసును ఆ పెద్దకుండవలెను. మన యిండ్లలోను, పొలములలోను భారము మోయు బిడ్డలను చూచునప్పుడు పెద్దలు ఈ రెండు మాటలను ఒక్కసారి తలచుకొందురుగాక.